కారు చిన్నదైనా బెంజే: మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మడూ,

నీ ఉత్తరం రాత్రే చదివాను. మీ కార్ల కంపెనీలో నీ టీమ్‌కి అప్పగించింది నాలుగు మీటర్ల లోపు కారు, ధర మాత్రం పెద్ద కారుకి దగ్గరగా, ఎక్కగానే లగ్జరీ అనిపించాలని మీ పైవాళ్లు పట్టుబడుతున్నారని రాశావు. చేరిన మూడో నెలకే నిద్ర పట్టడం లేదన్నావు. పని కష్టమైనదే తల్లీ. అయినా దీన్ని ఒకసారి చేసి చూపించినవాళ్లున్నారు. ఆ కారు నేను నడిపాను.

1986లో ట్రైనింగ్‌కని నన్ను జర్మనీ పంపినప్పుడు, మాకు పాఠాలు చెప్పే ఆయన ఒక సాయంత్రం తన మెర్సిడెస్ బెంజ్ 190 తాళాలు నా చేతిలో పెట్టాడు. వాన పడుతోంది. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి ఒక్కసారిగా కాలు తీసేశాను. ఆ రోజుల్లో చాలా కార్లు అలా చేస్తే తోక విసిరేవి, అంటే వెనక భాగం పక్కకి జారిపోయేది. బిగుసుకుపోయి కూర్చున్నాను. కారు మాత్రం ఏమీ జరగనట్టు మలుపు తిరిగి వెళ్లిపోయింది. ఆ రాత్రి నుంచి నా ఉద్యోగమంతా కారు సస్పెన్షన్ మీదే, అంటే చక్రాలని బండికి పట్టి ఉంచి గతుకుల్ని మింగే ఏర్పాటు మీదే.

ఆ కారు ఎలా పుట్టిందో మీ టీమంతా తెలుసుకోవాలి. 1973 చమురు సంక్షోభంతో పెట్రోలు ధర మండిపోయింది. 1975లో అమెరికా చట్టం తెచ్చింది: కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజీ ఒక గీత దాటాలి. మెర్సిడెస్ లాంటి, బరువైన పెద్ద కార్లే చేసే కంపెనీకి అది గొంతు మీద కత్తి. అదే ఏడు బిఎండబ్ల్యూ 3 సిరీస్ వచ్చి, చిన్న సైజులో ఖరీదైన కారు కొనేవాళ్లున్నారని చూపించింది. మెర్సిడెస్ మాత్రం తొందరపడలేదు. 190 షోరూంకి వచ్చేసరికి 1982 డిసెంబర్ అయింది. ఆ ఏళ్లన్నీ ఎక్కడ ఖర్చుపెట్టారో చూడు.

కారు పొడవు 4.42 మీటర్లు, వాళ్ల మధ్య సైజు కారు కంటే 30 సెంటీమీటర్లు తక్కువ. పొడవు తగ్గినంత మాత్రాన ఖర్చు తగ్గదు. తలుపుకి తాళం ఉండాల్సిందే, నాలుగు చక్రాలకి నాలుగు బ్రేకులు ఉండాల్సిందే. దాంతో చాలామంది కంటికి కనపడని చోట కోత పెడతారు. వాళ్లు దానికి తలకిందులుగా చేశారు. వెనక సస్పెన్షన్‌కి ఎన్నో రకాలు కట్టి, పరీక్షించి, పారేసి, చివరికి ఒక్కో చక్రాన్ని ఐదు కడ్డీలు పట్టుకునే ఏర్పాటు తెచ్చారు. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, గతుకులో పడినా చక్రం నిలబడే తీరు మారకుండా ఆ ఐదూ పంచుకుంటాయి. నేను వానలో కాలు తీసినప్పుడు నన్ను కాపాడింది అవే. ఆ ఏర్పాటే తర్వాత వాళ్ల పెద్ద కార్లకీ వెళ్లింది. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి: ఇంటికి మంచి వస్తువు చిన్న కారుతోనే ముందు వచ్చింది!

కాబట్టి ముందు ఒక కాగితం తీసుకో. మీ కారులో ఎవరు అడిగినా తగ్గించకూడని వస్తువు ఒక్కటి రాయి. మూడు రాయకు, మీటింగులో మూడూ పోతాయి. అది సస్పెన్షనే కానక్కర్లేదు, సీటు కావచ్చు, లోపలి నిశ్శబ్దం కావచ్చు. పెద్ద స్క్రీను మాత్రం రాయకు. రెండేళ్లకి అది పాతబడుతుంది.

లెక్కలవాళ్లకి స్లైడ్లు చూపించి గెలవలేవు. రెండు కార్లు తెప్పించు, ఒకటి ఆ వస్తువుతో, ఒకటి లేకుండా. వాళ్లనే నడపమను. నేనొకసారి ఈ పని చేయలేదు. ఒక కారుకి సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లో కొద్ది రూపాయలు తగ్గించమంటే సరే అని సంతకం పెట్టాను. మొదటి వానాకాలం దాటేసరికి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు కింద నుంచి కటకటమని చప్పుడు. కొన్నవాళ్లు సర్వీసుకి తెచ్చి, "ఇంత పోసి కొన్నది ఇదా?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు బాధే.

190లో లోపాలు లేవనుకోకు. వెనక సీట్లో మోకాళ్లు ముందు సీటుకి తగిలేవి. మొదటి 190కి, ఇంజన్‌లోకి పెట్రోలుని గాలితో కలిపి పంపే పాత పద్ధతి కార్బ్యురేటర్‌తో, 90 హార్స్‌పవరే. కొన్న ధరకి లోపల బోసిగా ఉందనీ అన్నారు. 1988లో మార్పులు చేసినప్పుడు వెనక మోకాళ్లకి చోటు పెంచారు. మన దేశంలో ఆ తప్పుకి ఆరేళ్లు ఆగరమ్మా. ఇక్కడ కారు కొనేది కొడుకైనా, వెనక కూర్చునేది అమ్మానాన్నలు. చిన్న కార్లకి పన్ను తక్కువ కాబట్టి నాలుగు మీటర్ల లోపు అనగానే అందరూ డిక్కీ కోస్తారు, అది చాలకపోతే మోకాళ్ల చోటు కోస్తారు. నువ్వు మాత్రం వెనక సీటు నుంచి గీయడం మొదలుపెట్టు.

పేరు సంపాదించడంలో కూడా వాళ్లు మాటలకంటే పనినే నమ్మారు. 1983 ఆగస్టులో పదహారు వాల్వుల ఇంజన్ ఉన్న, వేగం ఎక్కువైన 190ని ఇటలీలోని నార్డో ట్రాక్‌లో ఎనిమిది రోజులకు పైగా తిప్పారు. 50,000 కిలోమీటర్లు, సగటున గంటకి 247.9 కిలోమీటర్ల వేగం! తర్వాతి ఏడు మే 12న జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ రేసు ట్రాక్‌లో పేరున్న రేసర్లకి ఒకేలాంటి 190లు ఇచ్చి పోటీ పెడితే, అప్పుడప్పుడే పైకొస్తున్న బ్రెజిల్ రేసర్ అయర్టన్ సెన్నా గెలిచాడు. చిన్న బెంజ్ అని చిన్నచూపు చూసేవాళ్లకి అంతకంటే జవాబేముంటుంది? 1993లో ఆపేసేనాటికి దాదాపు 18 లక్షల 80 వేల కార్లు తయారయ్యాయి. దాని తర్వాత వచ్చినదే సి క్లాస్.

మీ ప్రోటోటైపు, అంటే పరీక్షకి కట్టిన మొదటి కారు, రోడ్డెక్కగానే ఫోన్ చెయ్యి. అత్తయ్యని తీసుకొస్తాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు కదా, వెనక కూర్చోబెట్టి ఓ ముప్పావుగంట గతుకుల రోడ్డు మీద తిప్పు. నేను ముందు సీట్లో కూర్చుని బుష్‌లు వింటాను.

మావయ్య