అప్‌డేట్ తర్వాత ఎన్‌జిన్‌ఎక్స్ సెట్టింగ్స్ పోయాయా? పాత ఫైల్ అక్కడే ఉంది

డెబియన్ లినక్స్‌లో అప్‌డేట్ అవగానే ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌లో మీరు చేసిన మార్పులు మాయమయ్యాయంటే, మీ సెట్టింగ్స్ ఫైల్ ఉంచాలా, కొత్తది పెట్టాలా అని మధ్యలో అడిగిన ప్రశ్నకు వై నొక్కి ఉంటారు. ఉత్త ఎంటర్ కొడితే మీ ఫైలే ఉండేది. టెన్షన్ వద్దు.

1. ఈటీసీలోని ఎన్‌జిన్‌ఎక్స్ ఫోల్డర్ తెరవండి. ఎన్‌జిన్‌ఎక్స్ డాట్ కాన్ఫ్ పక్కనే, పేరు చివర డాట్ డీపీకేజీ-ఓల్డ్ అని ఉన్నదే మీది.

2. దాన్ని ఉన్నదున్నట్టు వెనక్కి పెట్టేయకండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కొత్త వెర్షన్ గుర్తుపట్టని లైన్ ఒక్కటున్నా సర్వీస్ లేవదు. డిఫ్ కమాండ్‌తో (ఫైళ్ల మధ్య తేడాలు చూపిస్తుంది) రెండూ పోల్చి, మీరు మార్చిన లైన్లు మాత్రమే కొత్తదాంట్లోకి తెచ్చుకోండి.

3. ఎన్‌జిన్‌ఎక్స్ హైఫన్ టీ కమాండ్‌తో సరిచూశాకే రీలోడ్.

ఈసారి ఆ ప్రశ్న వస్తే ముందు డీ నొక్కండి, తేడా చూపిస్తుంది. ఎన్ నొక్కితే కొత్తది డాట్ డీపీకేజీ-డిస్ట్ పేరుతో పక్కన ఉంటుంది. దాన్నీ ఓసారి తెరిచి చూడండి (నేనైతే నెలల తరబడి మర్చిపోయాను).