డ్రైవ్‌లో పెడితే వెబ్‌సైట్ అయిపోదు

ప్రశ్న: గుణుపురంలో జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు నడుపుతున్నాను. మా మావయ్య టెంట్ హౌస్‌కి ఫొటోలు, రేట్లు, అడ్వాన్సు కోసం క్యూఆర్ కోడ్‌తో చిన్న వెబ్ పేజీ చేశాను. గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డర్ షేర్ చేసి లింకు పంపితే అందరికీ పేజీ బదులు కోడ్ కనిపిస్తోంది. ఏ సెట్టింగ్ మార్చాలి?

అలాంటి సెట్టింగ్ లేదండీ. రాయగడ నుంచి, పర్లాకిమిడి నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తోందంటే అందరూ ఏవో పాత వీడియోలే చూస్తున్నట్టున్నారు. ఒకప్పుడు డ్రైవ్‌లో హెచ్‌టీఎంఎల్ ఫైలు (వెబ్ పేజీ కోడ్ ఉండే ఫైలు) పెడితే పేజీలా తెరుచుకునేది, 2016 ఆగస్టు 31తో దాన్ని ఆపేశారు. డ్రైవ్ లాంటిదే అయిన డ్రాప్‌బాక్స్ కూడా ఉచిత ఖాతాలకు అదే ఏడాది తీసేసింది. సదుపాయం పోయింది, వీడియోలు మాత్రం ఉండిపోయాయి.

మీ పనికి గిట్‌హబ్ పేజెస్ చాలు, మనం ఎక్కించిన ఫైళ్లను వెబ్‌సైట్‌గా చూపించే సేవ అది. ఉచితం, సైటు 1 జీబీ దాటకూడదు. మొదటి ఫైలు పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అనే ఉండాలి, అన్నీ చిన్న అక్షరాలే. పేజీలో తెలుగూ ఒడియా రెండూ ఉంటాయి కాబట్టి ఫైలును అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేసి, కోడ్‌లో పైన ఉండే హెడ్ భాగంలో ఆ సంగతి రాయండి, లేకపోతే అక్షరాలు పిచ్చి గుర్తులుగా మారే ప్రమాదం ఉంది.

ఇక అసలు సంగతి. మీరు పంపిన లింకు తెరిస్తే పేజీ పక్కనే ‘కస్టమర్ స్కాన్స్’ అని ఇంకో ఫోల్డర్ కనిపించింది. నేను తెరవలేదు, కానీ లింకు చేరిన ప్రతివాళ్లూ తెరవగలరు. పై ఫోల్డర్ షేర్ చేస్తే లోపలివన్నీ షేర్ అయినట్టే, రేపు మీరు అందులో వేసే ఆధార్ కాపీ కూడా. అది చాలదన్నట్టు లింకు ఉన్నవాళ్లందరికీ ఎడిటర్ అనుమతి, అంటే ఫైళ్లు మార్చే అనుమతి ఇచ్చారు! ఎవడైనా మీ క్యూఆర్ బొమ్మ తీసేసి అదే పేరుతో తనది పెడితే, పెళ్లివారు కట్టే అడ్వాన్సు వాడి ఖాతాకి పోతుంది, గొడవ మాత్రం మావయ్యగారి గుమ్మం ముందు జరుగుతుంది.

ఇందులో మీ తప్పొక్కటే లేదు. ఊరందరికీ తలుపు తెరవడానికి రెండు నొక్కులు చాలు, ఎన్నాళ్లుగా తెరిచి ఉందో గుర్తుచేసే మెసేజ్ ఒక్కటి రాదు. స్టోరేజ్ నిండిందని, డబ్బు కట్టమని మాత్రం రోజూ గోల పెడతాయి ఈ క్లౌడ్ యాప్‌లు. తమకి కావలసిన హెచ్చరికలు భలే తయారుచేసుకున్నారు. మనకి కావలసినవి ఎప్పుడు చేస్తారో!

గిట్‌హబ్‌లోనూ జాగ్రత్త. ఉచిత ఖాతాతో పేజెస్ వాడాలంటే ఫైళ్లన్నీ బహిరంగంగా ఉంచాల్సిందే. పొరపాటున ఆధార్ కాపీ ఎక్కించి తర్వాత డిలీట్ కొట్టినా పాత వెర్షన్ల చరిత్రలో అది అలాగే ఉంటుంది. అందుకే ఎక్కించే ఫైళ్లను కంప్యూటర్లో వేరే ఫోల్డర్‌లో పెట్టుకుని, అక్కడి నుంచే పంపండి. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో లొకేషన్ కూడా దాగి ఉండొచ్చు, ఇళ్ల దగ్గర తీసినవైతే అది తీసేశాకే పెట్టండి.

పేజీ సంగతి రేపు చూసుకోవచ్చు. ముందు ఆ డ్రైవ్ లింకును ‘రిస్ట్రిక్టెడ్’కి (మీరు చేర్చినవాళ్లకే తెరుచుకునేలా) మార్చండి, క్యూఆర్‌ని మీ ఫోన్‌తోనే స్కాన్ చేసి మావయ్యగారి పేరే వస్తోందో లేదో చూడండి.