న్యూగినీ కొండల్లోని ఎర్రమెడ మైజోమెలా, మన తేనెపిట్ట ఒకటేనా?

కాదు, దగ్గరి చుట్టాలు కూడా కావు. మన మందారాల మీద వాలే తేనెపిట్టది నెక్టారినిడే కుటుంబం, మైజోమెలాది మెలిఫాజిడే. ఈ రెండో కుటుంబపు పక్షులు ఎక్కువగా ఆస్ట్రేలియా, న్యూగినీ, ఆ చుట్టుపక్కల దీవుల్లోనే ఉంటాయి. మకరందం తాగే అలవాటు వల్లే రెండింటికీ వంగిన సన్నటి ముక్కు విడివిడిగా ఏర్పడింది.

తేడా తెలియాలంటే నాలుక చూడాలి. తేనెపిట్ట నాలుక గొట్టంలా చుట్టుకుని ఉంటుంది. మైజోమెలా నాలుక కొస నాలుగు పాయలుగా చీలి, అంచుల్లో సన్నటి పోగులతో కుంచెలా ఉంటుంది. పువ్వులో పెట్టగానే మకరందం ఆ పోగులకు పట్టుకుంటుంది. ఎంత చక్కటి ఏర్పాటో!

ఎర్రమెడ మైజోమెలా పొడవు సుమారు 11 సెంటీమీటర్లే. మగదానికి తల, రెక్కలు నలుపు. మెడ, వీపు, రొమ్ము చిక్కటి ఎరుపు. ఆడది గోధుమ రంగులో ఉంటుంది, గొంతు దగ్గర కాస్త ఎరుపు.

మకరందంలో మాంసకృత్తులు దాదాపు ఉండవు కాబట్టి పురుగుల్ని, సాలీళ్లనూ తింటుంది. చలి ఎక్కువగా ఉండే ఆ ఎత్తుల్లో తేనెటీగలు చురుగ్గా తిరగలేవు. అందుకే అక్కడ పెరిగే రోడోడెండ్రాన్ అనే పొదల ఎర్రటి పూలకు పరాగసంపర్కం చేసిపెట్టేది చాలావరకు ఇలాంటి పక్షులే.