నల్లరేగడిలో ఇల్లు పగిలితే తప్పు నేలదేనా?

ప్రశ్న: ఆదోని దగ్గర మా సొంత స్థలంలో, మెటీరియల్‌తో సహా 28 లక్షలకు కాంట్రాక్టర్‌తో ఇల్లు కట్టించుకున్నాం. అండర్ రీమ్డ్ పైల్ (అడుగున గుబ్బలా వెడల్పు చేసి భూమిలోకి దించే కాంక్రీటు స్తంభం) పునాది, 3.5 మీటర్ల లోతు అని అగ్రిమెంట్‌లో ఉంది. గృహప్రవేశమై మూడేళ్లు. పోయిన వానాకాలం నుంచి గోడలు ఏటవాలుగా పగులుతున్నాయి, తలుపులు పట్టేస్తున్నాయి. అడిగితే "నల్లరేగడి సార్, నేనేం చేసేది" అంటున్నాడు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ)కు వెళ్లాలా? - ఒక పాఠకుడు

జవాబు: రెరాకు వెళ్లి లాభం లేదండీ. ఆ చట్టంలోని అయిదేళ్ల పూచీ ప్రమోటర్ (ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్) దగ్గర ఇల్లు కొన్నవాళ్లకు. మీది సొంత స్థలం, అతను మీకేమీ అమ్మలేదు. మీరు వెళ్లాల్సింది జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. ఇల్లు కట్టిపెట్టడం కూడా సేవేనని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చింది. చెల్లించింది 50 లక్షల లోపే కాబట్టి జిల్లా స్థాయి చాలు, ఫీజు వెయ్యి రూపాయలు. గడువు రెండేళ్లు. పగుళ్లు బయటపడిన నాటి నుంచి లెక్కేసుకున్నా, నానబెట్టకండి.

ఇక నల్లరేగడి సాకు. అసలు ఆ పునాది రాసుకున్నదే ఆ నేల కోసం! వానకు ఉబ్బిన మట్టి పైల్‌ను పట్టుకుని పైకి లాగుతుంది. ఉబ్బే పొర కిందికి దిగిన గుబ్బ, పై నుంచి అడుగు దాకా ఉన్న స్టీలు ఆ లాగుడును ఆపాలి. లాగుడుకు కాంక్రీటు ఒక్కటే నిలవదు. పైల్ ఆ పొరలోనే ఆగిపోతే మట్టితో పాటే లేస్తుంది. అగ్రిమెంట్‌లో 3.5 మీటర్లు రాశాడంటే నేల సంగతి అతనికి తెలుసన్నమాట. ఆ కాగితం మీకు పెద్ద బలం.

అయితే లోతు తగ్గించాడని రుజువు చేయాల్సింది మీరే. ముందు ప్లింత్ బీమ్ (పైల్స్ మీద, గోడల కింద ఉండే కాంక్రీటు దూలం) పక్కన కాస్త తవ్వించి, దాని కింద చెయ్యి పెట్టి చూడండి. పైల్ పునాదులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 2911 మూడో భాగం ప్రకారం ఇలాంటి నేలలో బీమ్ మట్టిని తాకకూడదు, కింద నాలుగు వేళ్ల వెడల్పంత సందు ఉండాలి. బీమ్ మట్టి మీదే కూర్చుని ఉంటే అదే మొదటి లోపం. ఇంటి మూలన ఉన్న పైల్ లోతు మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీర్ దగ్గరుండి చూడాలి. ఆ రోజుకు రమ్మని కాంట్రాక్టర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. లేకపోతే "వీళ్లే తవ్వి పునాది కదిపారు" అంటాడు. అప్పటిదాకా పగుళ్లకు సిమెంటు పూయించొద్దు. స్కేలు పెట్టి, తేదీ కనపడేలా ఫొటోలు తీయండి.

ఇంకోమాట, "లోతు తగ్గించి ఖర్చు తగ్గించు" అని మీరెప్పుడైనా వాట్సాప్‌లో అని ఉంటే మీ లాయర్‌కు ముందే చెప్పేయండి. గోడ పక్కనే సెప్టిక్ ట్యాంకు కారుతుంటే అదీ చెప్పండి. అవతలివాళ్లు మొదట పట్టుకునేవి అవే. 28 లక్షలూ తిరిగి ఇప్పించమని అడక్కండి. ఇంజనీర్ ఎస్టిమేట్ ప్రకారం పునాది బాగుచేసే ఖర్చు, పరిహారం, కోర్టు ఖర్చులు అడగండి.