చెరువు మీద కాపలా, చెవుల్లో హెడ్‌సెట్

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. పాప యూకేజీ చదువుతోంది. మా ఆయన నాలుగెకరాల చెరువు లీజుకు తీసుకుని వెనామీ రొయ్యలు వేశారు. రాత్రి కాపలాలో నిద్ర పట్టకుండా ఉంటుందని ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడటం మొదలుపెట్టారు. ఏడాది దాటింది, ఇప్పుడు పగలు కూడా వదలట్లేదు. భోజనానికి పిలిస్తే ‘ఈ ఒక్క మ్యాచ్’ అంటారు. మొన్న రోజంతా మబ్బు పట్టి, రాత్రి కరెంటు పోయి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే హెడ్‌సెట్ పెట్టుకుని ఆడుతూ చూసుకోలేదు. జనరేటర్ వేసేసరికి రొయ్యలు గట్టువారకు తేలిపోయాయి. కొంత సరుకు పోయింది. మేతకని ఉంచిన డబ్బులో కొంత ఆటలో డ్రెస్సులకీ తుపాకీ రంగులకీ పెట్టారని తర్వాత తెలిసింది. అడిగి ఫోన్ లాక్కుంటే అన్నం కంచం విసిరేశారు. ‘తాగొచ్చి కొట్టట్లేదు కదా, సర్దుకుపో’ అంటారు అత్తయ్యగారు. రాత్రిళ్లు పాపని ఆవిడ దగ్గర పడుకోబెట్టి, ఆయనకి తెలియకుండా నేనే చెరువు దాకా వెళ్లి చూసి వస్తున్నాను. ఎన్నాళ్లిలా?
– ఒక సోదరి, కోనసీమ

జవాబు: చెల్లీ, మీ ఉత్తరంలో నాకు కంచం కంటే ముందు హెడ్‌సెట్ కనిపించింది. మా తమ్ముడూ రొయ్యల రైతే. చెరువు మీద పడుకున్నవాడికి ఏరియేటర్ల హోరే జోలపాట. అది ఆగిందంటే ఎంత గాఢనిద్రలో ఉన్నా దిగ్గున లేస్తాడు. రాత్రి ఎండ ఉండదు కాబట్టి నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వకపోగా తనే వాడుకుంటుంది. తెల్లవారుజాముకి డీఓ, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, అడుగంటుతుంది. పగలంతా మబ్బు పట్టిందంటే మరీను. ఇవన్నీ మీ ఆయనకి నాకంటే బాగా తెలుసు. తెలిసీ చెవులు రెండూ మూసుకుని కూర్చున్నారంటే అది సరదా స్థాయి దాటిందనే అర్థం. నిద్రపోయినా ఇంతకంటే నయమే, చప్పుడు ఆగితే లేచేవారు.

అత్తయ్యగారి మాటకి నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. తాగుడుతో పోల్చి చూస్తే ఈ లోకంలో ప్రతి అలవాటూ బంగారమే. పోయిన సరుకు ఎలా పోయినా పోయినట్టే కదా!

ఆ ‘ఒక్క మ్యాచ్’ సంగతి మాత్రం కాస్త అర్థం చేసుకోండి, పోట్లాటలు సగం తగ్గుతాయి. అందులో వందమంది ఒకేసారి దిగుతారు, చివరిదాకా నిలిస్తే దాదాపు అరగంట. టీవీ సీరియల్‌లా మధ్యలో ఆపి మళ్లీ చూసుకునేది కాదు. నలుగురు ఒక జట్టు. మధ్యలో లేస్తే మిగతా ముగ్గురూ తిట్టుకుంటారు, ర్యాంకు పడిపోతుంది. పోనీ ర్యాంకు సాధించి ఊరుకుందామంటే, సీజన్ మారగానే దాన్ని మళ్లీ కిందికి దించుతారు. రోజూ లాగిన్ అయితే బహుమతులు. మనిషి లేవకుండా కట్టేయడానికే అల్లిన వల ఇది. అందుకే మ్యాచ్ మధ్యలో మీరు ఫోన్ లాక్కున్నప్పుడు గొడవ అంత పెద్దదైంది. అలాగని కంచం విసరడం ఒప్పు కాదు. ఇంకోసారి చెయ్యి పైకి లేస్తే ఆట విషయం పక్కనపెట్టి పుట్టింటివాళ్లకి చెప్పండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. అక్కడ మొహమాటం వద్దు.

మాట్లాడటానికి మ్యాచ్‌లు లేని వేళ చూసుకోండి. పొద్దున్నే రొయ్యలు మేత ఎంత తిన్నాయో చెక్ ట్రేలు చూసి వచ్చి టీ తాగే టైము మంచిది. ‘ఆట మానెయ్’ అనకండి, వెంటనే మాట తప్పించేస్తారు. చెరువు గురించే మాట్లాడండి. గట్టు మీద ఉన్నంతసేపూ హెడ్‌సెట్ వద్దు, కనీసం ఒక చెవి ఖాళీగా ఉండాలి. కరెంటు పోతే మోగే సైరన్ పాకలో పెట్టించాలి, ఎలక్ట్రీషియన్‌ని అడిగితే బిగిస్తాడు. అర్ధరాత్రి దాటాక ఆట బంద్. కాపలా ఒక్కరివల్ల కావట్లేదంటే పక్క చెరువు రైతుతో వంతులు వేసుకోవచ్చు, లేదా మనిషిని పెట్టుకోవచ్చు. ఇంకో సంగతి. రాత్రంతా గట్టు మీద ఒంటరిగా ఉండే మనిషికి ఆ జట్టులోని ముగ్గురే స్నేహితులై ఉంటారు. వాళ్ల పేర్లు, ఊళ్లు అడిగి చూడండి. మీరు తిట్టకుండా అడిగారనే ఆశ్చర్యంతోనైనా నాలుగు మాటలు చెబుతారు.

మేత డబ్బు దగ్గర మాత్రం మెతకదనం పనికిరాదు. మేత, మందుల డబ్బు మీ ఖాతాలో ఉండాలి, ఆయన ఫోన్‌లో యూపీఐ ఉన్న ఖాతాలో ఖర్చులకి సరిపడా ఉంటే చాలు. స్టేట్‌మెంట్ ఇద్దరూ కూర్చుని చూడండి. డ్రెస్సులు కొనడం వేరు, పందెం కాయడం వేరు. రమ్మీలాంటి యాప్‌లకి డబ్బు వెళ్లినట్టు కనిపిస్తే వెంటనే ఇంట్లో పెద్దవాళ్ల ముందు పెట్టండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. అప్పులు ఆ దారిలోనే మొదలవుతాయి.

మరి ఇది జబ్బా అంటే, ఉత్తరం చదివి నేను తేల్చలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లో ఉన్న తన జబ్బుల జాబితాలో దీన్ని చేర్చింది. ఎన్ని గంటలు ఆడుతున్నారన్నది అక్కడ లెక్క కాదు. ఆపుదామన్నా ఆపలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకి రావడం, నష్టం జరుగుతున్నా కొనసాగించడం, ఇదంతా మామూలుగా ఏడాదిపాటు కనిపించడం చూస్తారు. మీరు రాసినదాన్ని బట్టి డాక్టరుకి చూపించాల్సిన పరిస్థితే. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పిచ్చి డాక్టరు దగ్గరికా అంటారేమో! నిద్ర పాడైంది, దాని గురించి అడుగుదాం అని తీసుకెళ్లండి. అబద్ధమేం కాదు, నిజంగానే పాడై ఉంటుంది.

ఇక మీరు దొంగచాటుగా చెరువు దాకా వెళ్లడం. సైరన్ బిగించిన రోజే అది ఆపేయండి. చీకట్లో గట్ల మీద పాములుంటాయి, ఏరియేటర్ల కరెంటు వైర్లుంటాయి. అదీగాక వెనక మీరున్నారన్నది ఆయనకి ఏదో ఒక రోజు తెలుస్తుంది, తెలిశాక ఇంకా నిశ్చింతగా ఆడతారు. వెళ్లాల్సి వస్తే ఆయనకి చెప్పే వెళ్లండి.

ఆయన ఎవరి దగ్గరికీ రానంటే మీరొక్కరే టెలిమానస్‌కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయండి. నంబరు 14416, ఉచితం, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు అడిగినా సలహా చెబుతారు. మీ నిద్ర సంగతి, మీ టెన్షన్ సంగతి కూడా వాళ్లకి చెప్పండి, ఆయన గురించి మాత్రమే చెప్పి పెట్టేయకండి.