పరీక్షల వారంలో అమ్మాయి షిఫ్టులకు వెళ్లాలా, మేం ఎఫ్‌డీ తెంచాలా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. మా అమ్మాయి (23) బ్రిటన్‌లోని లీడ్స్‌లో ఏడాది ఎంఎస్సీ చేస్తోంది. బ్యాంకు రూ.25 లక్షల విద్యా రుణం మంజూరు చేస్తే ఇప్పటికి 18 లక్షలు తీసుకున్నాం. వడ్డీ 10.5 శాతం. చదువు పూర్తయ్యేదాకా వడ్డీ కట్టడం మా ఇష్టమే అన్నారు. నవంబరు నుంచి అమ్మాయి సూపర్‌మార్కెట్‌లో వారానికి 20 గంటలు పనిచేసి అద్దె, తిండి తనే చూసుకుంటోంది. వడ్డీ కోసమని నెలకు 150 పౌండ్లు మాకు పంపుతోంది కూడా. మేలో పరీక్షలు. మొన్న ఆ వారం టైంటేబుల్ పంపింది: సోమవారం రిపోర్టు ఇవ్వాలి, బుధవారం ప్రెజెంటేషన్, శుక్రవారం పరీక్ష, మధ్యలో నాలుగు షిఫ్టులు. ఐదు గంటలే పడుకుంటున్నానంది. చేతిలో డబ్బు నిలవడం లేదు. ఒక హోటల్‌వాళ్లు శని, ఆదివారాల్లో పది గంటలు చేస్తే చేతికి నగదు ఇస్తామన్నారట. చేస్తే తప్పేముందని మావారు అంటున్నారు. బాబు కాలేజీకి దాచిన రూ.6 లక్షల ఎఫ్‌డీ తెంచి నెలకు 60 వేలు పంపాలని నాకుంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: రెండూ వద్దండి. హోటల్ పని అసలే వద్దు.

స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, పీజీ చదివేవారు తరగతులు నడిచే కాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ వారం సోమవారంతో మొదలై ఆదివారంతో ముగుస్తుంది. ఎన్ని చోట్ల చేసినా మొత్తం కలిపి 20 గంటలే. ఈ వారం పదే చేశాను కాబట్టి వచ్చే వారం ముప్పై చేస్తానంటే కుదరదు. నగదు ఇచ్చినా అది పనే, లెక్కలోకి వస్తుంది. బయటపడితే వీసా రద్దు కావచ్చు, తర్వాత పెట్టుకునే వీసాలకూ అడ్డు పడుతుంది. ఇంతకూ వచ్చేదెంత? 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవారికి అక్కడ కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు చేశారు. ఆ లెక్కనే చూద్దాం. పది గంటలకు 122 పౌండ్లు. పౌండు 115 రూపాయలు అనుకుంటే 14 వేలు. ఆ హోటల్ అంత ఇవ్వకపోతే అడిగే దారి కూడా ఉండదు. 18 లక్షలు అప్పు చేసి చదివిస్తున్న చదువును 14 వేల కోసం ప్రమాదంలో పెట్టొద్దని మీవారికి గట్టిగా చెప్పండి.

ఇక అమ్మాయి వారం. ఎంఎస్సీకి 180 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు పది గంటల చదువు అని అక్కడి లెక్క. ఏడాదికి 1,800 గంటలు. 45 వారాలకు పంచితే వారానికి 40. పని 20, రాకపోకలకు ఓ ఆరు, రోజుకు ఏడు గంటల చొప్పున నిద్ర 49. అన్నీ కలిపితే 115. వారంలో ఉన్నవి 168 గంటలు. మిగిలిన 53 గంటల్లో వంట, సరుకులు, బట్టలు, మీతో మాట్లాడటం. మామూలు వారాల్లో ఎలాగో నెట్టుకురావచ్చు. పరీక్షలప్పుడు చదువే అరవై గంటలు దాటుతుంది. అప్పుడు షిఫ్టులు తగ్గకపోతే నిద్ర తగ్గుతుంది. ఇప్పుడు జరుగుతున్నది అదే. ఒక సబ్జెక్టు పోతే మళ్లీ రాయాలి, చాలా యూనివర్సిటీల్లో అలా రాసినదానికి పాస్ మార్కులకు మించి వేయరు.

అందుకే నెలనెలా ఎంత పంపాలన్నది పక్కన పెట్టి, అమ్మాయి ఏ వారాల్లో పనికి వెళ్లకూడదో ముందు తేల్చుకోండి. మేలో మూడు వారాలు, ఆగస్టులో డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పరిశోధన వ్యాసం) ముగించేటప్పుడు మూడు వారాలు. ఆరు వారాల జీతం 1,465 పౌండ్లు, అంటే రూ.1.7 లక్షల లోపే. మీకు కావలసింది ఇంతే. దీనికి 6 లక్షల ఎఫ్‌డీ ఎందుకు?

ఇందులోనూ కొంత అమ్మాయికి ఇప్పటికే రావాల్సి ఉండొచ్చు. బ్రిటన్‌లో పార్ట్‌టైం ఉద్యోగికి కూడా ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు చట్టప్రకారం ఉంది. వారానికి 20 గంటలంటే ఏడాదికి 112 గంటలు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆరు నెలలకు 56 గంటలు, దాదాపు మూడు వారాలు. ఇంతవరకు సెలవు వాడుకోకపోతే మే పరీక్షలకు అదే సరిపోతుంది. మన పిల్లలు చాలామంది అడగడానికి మొహమాటపడి వదిలేస్తారు. ఈ వారమే మేనేజరుకు మెయిల్ పెట్టమనండి. రోటా (షిఫ్టుల పట్టిక) ఖరారయ్యాక అడిగితే కష్టం. కొన్ని కంపెనీలు సెలవు డబ్బును ప్రతి జీతంలోనే కలిపి ఇచ్చేస్తాయి, పేస్లిప్‌లో అది విడిగా కనిపిస్తుంది. ఆ పేస్లిప్‌లోనే ట్యాక్స్ కోడ్ కూడా చూసుకోమనండి. 1257ఎల్ అని ఉంటే సరే. బీఆర్ అని ఉంటే మొదటి పౌండు నుంచే 20 శాతం పన్ను కోస్తున్నట్టు. ఏడాదికి 12,570 పౌండ్ల దాకా ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఆ డబ్బు వెనక్కి అడగవచ్చు.

సెలవు జీతం వస్తే మిగిలే లోటు సుమారు 780 పౌండ్లు, 90 వేల రూపాయలు. ఇక్కడ మీరు చేయాల్సిన పని ఒకటుంది, మనసుకు కష్టంగా ఉన్నా చేయండి. నెలనెలా మీకు పంపే ఆ 150 పౌండ్లు ఇక పంపొద్దని అమ్మాయికి చెప్పండి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఐదు నెలలకు 750 పౌండ్లు తన దగ్గరే ఉంటాయి, లోటు దాదాపు పూడుతుంది. ఇంటికి సాయపడాలన్న ఆ పిల్ల ఆలోచన గొప్పదే. కానీ నిద్ర మానుకుని సంపాదించిన డబ్బుతో వడ్డీ కట్టాల్సిన అవసరం ఇప్పుడు లేదు. 18 లక్షలకు నెల వడ్డీ రూ.15,750. మీరు కట్టగలిగితే కట్టండి, లేదంటే ఆపండి. ఐదు నెలలకు సుమారు 79 వేలు పేరుకుని తర్వాత అసలులో కలుస్తుంది. అది ఉద్యోగం వచ్చాక తీర్చుకోగలిగిన భారమే. చదివే కాలంలో వడ్డీ కడితే కొన్ని బ్యాంకులు రేటు కాస్త తగ్గిస్తాయి. ఆపే ముందు మీకు ఆ రాయితీ ఉందేమో కనుక్కోండి.

సెలవు జీతం రాకపోతే? మంజూరై కూడా తీసుకోని 7 లక్షలు ఉన్నాయి కదా. మంజూరు పత్రం తీసి చదవండి. విద్యా రుణాల్లో సాధారణంగా వసతి, భోజన ఖర్చులకూ వాటా ఉంటుంది, కోర్సు నడుస్తుండగానే అడగాలి. లక్ష తీసుకుంటే నెల వడ్డీ రూ.875. బాబు ఫీజు డబ్బు ముట్టుకోవడం కన్నా, చిట్టీని నష్టానికి పాడుకోవడం కన్నా ఇది నయం. మీ సొంత డబ్బు పంపినా, 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తంపైనే టీసీఎస్ (విదేశానికి పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడుతుంది. డబ్బు పంపే ఫారంలో చదువు కోసమనే రాయండి. బ్యాంకు ప్రతిసారీ చార్జీ వేస్తుంది కాబట్టి విడతలుగా కాక ఒకేసారి పంపండి.

ఇంకొక్కటి. జూన్ నుంచి సెలవులే కదా, రోజంతా పనిచేసి కూడబెట్టుకోవచ్చని చాలా ఇళ్లలో అనుకుంటారు. ఏడాది ఎంఎస్సీలో డిసర్టేషన్ రాసే వేసవి కూడా చదువుకాలం కిందకే వస్తుంది, అప్పుడూ 20 గంటలే. సైకిల్ మీద ఫుడ్ డెలివరీ చేస్తే స్వయం ఉపాధి అవుతుంది, ఈ వీసా మీద అది కూడదు. అందువల్ల ఆగస్టు వారాలకు డబ్బు వేసవిలో పుడుతుందని ఆగకండి. రుణంలోంచి తీసుకోవాల్సి వస్తే అమ్మాయి అద్దె ఒప్పందం కాపీతో జూన్‌లోనే బ్యాంకు శాఖకు వెళ్లండి.