చేతితో కట్టిన పాత మిక్సింగ్ కన్సోళ్ల మీద అంత మోజెందుకు? చెన్నైలో చిన్న స్టూడియోకి పనికొస్తాయా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఇంత ఖరీదు పెట్టి జనం వీటి వెంట ఎందుకు పడతారన్నది మొదటిది. ఇంగ్లండ్‌లో అమ్మకానికొచ్చిన నీవ్ అనే బ్రిటిష్ సంస్థ 1970లలో చేసిన 16 ఛానెళ్ల కన్సోల్‌ని (మైకుల ధ్వనుల్ని కలిపే బల్ల) వడపళనిలోని మీ చిన్న స్టూడియోకి తెప్పించుకోవచ్చా అన్నది రెండోది. చెన్నైలో ఇలాంటి పరికరాలు విప్పి బాగుచేసే పనిలో తెలిసినంత చెప్తాను. లోపలున్న ప్రతి భాగాన్నీ విప్పి, కొలిచి, మార్చుకునేలా కట్టడమే ఈ కన్సోళ్ల గొప్పతనం. వాటి ధ్వనికీ అదే కారణం, యాభై ఏళ్లు నిలవడానికీ అదే. సోల్డరింగ్ ఐరన్ పట్టగల మనిషి మీకు అందుబాటులో ఉంటే కొనండి. లేకపోతే వద్దు.

ముందు ధ్వని సంగతి. నీవ్ 1073 మాడ్యూల్‌నే (కన్సోల్‌లో ఒక్కో ఛానెల్‌కి ఒకటి చొప్పున దూర్చే పెట్టె) తీసుకుందాం, అది 1970లో వచ్చింది. మైక్ సిగ్నల్ మొదట ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్తుంది. ఆ తర్వాత విడివిడి ట్రాన్సిస్టర్లతో చేసిన చిన్న కార్డులు, తీగ చుట్టిన ఇండక్టర్లతో నడిచే ఈక్వలైజర్ (కింది, పై స్వరాల మోతాదు సర్దేది), ఆఖర్న 2ఎన్3055 అనే లావుపాటి పవర్ ట్రాన్సిస్టర్, దాని వెనక అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. సిగ్నల్ దారిలో ఒక్క ఐసీ (ఎన్నో ట్రాన్సిస్టర్లు ఒకే చిప్‌లో ఉండేది) కూడా తగలదు. ఆ 2ఎన్3055 క్లాస్-ఎ పద్ధతిలో పనిచేస్తుంది, అంటే పాట ఉన్నా లేకున్నా దాని గుండా కరెంటు పారుతూనే ఉంటుంది. ఆ డీసీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలోంచి కూడా పోతుంది కాబట్టి కోర్‌లో (లోపలి ఇనుప దిమ్మెలో) కావాలనే సన్నటి ఖాళీ వదిలి తయారుచేస్తారు. లేకపోతే సిగ్నల్ రాకముందే ఇనుము నిండిపోతుంది.

చెవికి తెలిసేది ఇక్కడే. లెవెల్ పెంచేకొద్దీ ఆ ఒంటరి ట్రాన్సిస్టర్ రెండో హార్మోనిక్‌ని (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ) కలుపుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము మూడోదాన్ని కలుపుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కలిపేది అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు. వోల్టేజీ అదే ఉన్నా ఫ్రీక్వెన్సీ తగ్గితే కోర్‌లో ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) పెరుగుతుంది, అందుకే 50 హెర్ట్జ్ దగ్గర కనిపించే మార్పు 1 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు ఉండదు. మృదంగం తొప్పి, కిక్ డ్రమ్, బేస్ గిటార్ చిన్న స్పీకర్లో కూడా నిండుగా వినిపించడానికి ఇదే కారణం. పైనున్న గొంతు మాత్రం మసకబారదు. అన్నిటినీ ఒకే మోతాదులో వంచే డిస్టార్షన్ ప్లగిన్‌తో ఈ ఫలితం రాదు.

ఈక్వలైజర్ కూడా అలాగే కట్టుదిట్టం. పైన 12 కిలోహెర్ట్జ్ షెల్ఫ్ (ఆ పై స్వరాలన్నిటినీ కలిపి లేపేది, తగ్గించేది) ఒక్కటే. మధ్యలో 360, 700 హెర్ట్జ్, 1.6, 3.2, 4.8, 7.2 కిలోహెర్ట్జ్. కింద 35, 60, 110, 220. హై-పాస్‌కి (కింది స్వరాల్ని కోసే ఫిల్టర్) 50, 80, 160, 300. అంతే, మధ్యలో ఇంకేమీ దొరకదు. ఎక్కువమంది గొంతులకి 80 హై-పాస్ వేసి, 12 కిలోహెర్ట్జ్ ఒకటి రెండు డెసిబెల్స్ లేపితే సరిపోతుంది. 7.2 దగ్గర లేపితే స, శ అక్షరాలు గుచ్చుకుంటాయి. ఎంపికలు తక్కువ కాబట్టి పని త్వరగా తెములుతుంది, దీన్ని నేను చాలా పెద్ద సుగుణంగా లెక్కేస్తాను.

ఇక అరుదుతనం. ఆ రోజుల్లో కన్సోల్ అంటే ఆర్డర్ మీద చేసే వస్తువు. స్టూడియో గది కొలత, ఛానెళ్ల లెక్క అడిగి, ఫ్రేమ్ కట్టి, వందల తీగల్ని మైనం పూసిన దారంతో చేత్తో కుట్టి లోపల పరిచేవారు. ఈఎంఐ సంస్థ టీజీ12345 అనే కన్సోల్‌ని తన సొంత స్టూడియోల కోసమే చేసుకుంది. 1968లో లండన్ అబ్బే రోడ్‌లో పెట్టిన ఆ కన్సోల్‌లో ఛానెల్ ఛానెల్‌కీ కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గుల్ని అదుపుచేసేది) ఉండేది. ట్రైడెంట్ ఎ-రేంజ్ అనే కన్సోళ్లు మొత్తం 13 చేశారనే లెక్క. రిచర్డ్ స్వెటెన్‌హామ్ రూపొందించిన హీలియోస్ కన్సోళ్లలో రెండు ఒకేలా ఉండటం అరుదు. పైగా డిజిటల్ రోజులొచ్చాక ఎన్నో నీవ్ కన్సోళ్లని ముక్కలు చేసి మాడ్యూళ్లని విడివిడిగా అమ్ముకున్నారు. నాకు బాధ కలిగించే సంగతి ఇదే. ఫ్రేమ్, కుట్టిన తీగలు, మీటర్లు తుక్కుకి పోయాయి. లాస్ ఏంజెలెస్ సౌండ్ సిటీ స్టూడియోలోని నీవ్ 8028ని 2011లో రాక్ సంగీతకారుడు డేవ్ గ్రోల్ మొత్తంగా కొని తన స్టూడియోలో పెట్టుకోబట్టి అదొకటి మిగిలింది.

ఇప్పుడు మీ సంగతి. ఒకప్పుడు ఈ ఊళ్లో మన తెలుగు పాటలకి వాద్యబృందం మొత్తం ఒకేసారి వాయించేది, అందరి మైకులూ ఒకే బల్ల మీదకి రావాలి కాబట్టి పెద్ద కన్సోల్ తప్పనిసరి. ఇవాళ మీ దగ్గర ఒక గొంతు, ఒక వీణ, ఒక తబలా ఒకదాని తర్వాత ఒకటి రికార్డవుతాయి. ఆ పనికి రెండు 1073 తరహా మాడ్యూళ్లు, ఒక పవర్ సప్లై చాలు. మిక్స్‌లో కూడా ఆ ఇనుము రుచి కావాలంటే, కేవలం రెసిస్టర్లతో చేసిన 16 ఛానెళ్ల ప్యాసివ్ సమ్మింగ్ పెట్టె (కరెంటు లేకుండా ఛానెళ్లని కలిపేది) కట్టించుకోండి. అందులో 30 నుంచి 40 డెసిబెల్స్ లెవెల్ పోతుంది. పోయినదాన్ని అవే రెండు మాడ్యూళ్ల మైక్ ఇన్‌పుట్‌లతో తిరిగి లేపాలి. కన్సోల్ ఖర్చులో చిన్న భాగంతో చాలా దూరం వస్తారు.

అయినా మొత్తం కన్సోలే కావాలంటే, మొదట చూడాల్సింది కరెంటు. ఇంగ్లండ్ సరుకు 50 హెర్ట్జ్‌కే చేసింది కాబట్టి మనకి ఇబ్బంది లేదు. అమెరికా నుంచి వచ్చేదైతే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద 50/60 అని రాసుందో లేదో చూడాలి. 60కి మాత్రమే చేసినదానికి స్టెప్‌డౌన్ పెడితే వోల్టేజీ కుదురుతుంది గానీ ఫ్రీక్వెన్సీ మారదు. కోర్‌లో ఫ్లక్స్ 20 శాతం పెరిగి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కి మోగుతుంది. దాన్ని మార్చడమే దారి. స్టూడియో పాయింట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిస్తే 2 వోల్టుల లోపు రావాలి, దాటితే ఎర్త్ పిట్ పని ముందు. ఇన్వర్టర్ మీద నడపొద్దు, ఆన్‌లైన్ యూపీఎస్ వాడండి. పవర్ సప్లై పెట్టెని కన్సోల్‌కి కనీసం రెండు మీటర్ల దూరంలో ఉంచండి, లేకపోతే దాని అయస్కాంత క్షేత్రం మైక్ ట్రాన్స్‌ఫార్మర్లలోకి ఎక్కుతుంది.

పెట్టె విప్పగానే స్విచ్ వేయకూడదు. మాడ్యూళ్లన్నీ బయటికి లాగి పక్కన పెట్టి, పవర్ సప్లై ఒక్కదాన్నే వేరియాక్‌తో (వోల్టేజీ తిప్పి పెంచుకునే ట్రాన్స్‌ఫార్మర్) నెమ్మదిగా పైకి తీసుకెళ్లాలి. ఈ మాడ్యూల్ 24 వోల్టుల దగ్గర సుమారు 120 మిల్లీఆంప్స్ తాగుతుంది. 16 మాడ్యూళ్లకి 2 ఆంప్స్ దాకా, మిగతా కార్డులతో కలిపి 3 అనుకోండి. కాబట్టి 8 ఓమ్స్, 100 వాట్ల రెసిస్టర్‌ని హీట్‌సింక్‌కి బిగించి లోడ్‌గా పెట్టి గంటసేపు నడపండి. 24 వోల్టులు కదలకూడదు, రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఊగిసలాట) కొద్ది మిల్లీవోల్టులు దాటకూడదు. దాటితే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయని అర్థం.

తర్వాత ఒక్కో మాడ్యూల్‌ని బెంచ్ సప్లైకి కలపండి, కరెంట్ లిమిట్ 200 మిల్లీఆంప్స్ పెట్టి. లిమిట్‌కి కొట్టుకుంటే చాలాసార్లు దోషి టాంటలమ్ కెపాసిటరే. ఎలక్ట్రోలిటిక్ ముసలిదైతే ఎండిపోయి విలువ తగ్గుతుంది, టాంటలమ్ మాత్రం షార్ట్ అయి 24 వోల్టుల రైల్‌నే (సప్లై లైన్) లాగేస్తుంది. అది కాకపోతే 2ఎన్3055 కింద ఉండే మైకా వాషర్ చూడండి, చిల్లు పడి ట్రాన్సిస్టర్ కలెక్టర్ మాడ్యూల్ లోహపు బాడీకి తగిలి ఉంటుంది.

కెపాసిటర్లు మార్చేటప్పుడు విలువ మార్చొద్దు. వోల్టేజీ రేటింగ్ ఎక్కువ ఉండొచ్చు, 105 డిగ్రీల రకం తీసుకోండి. సిగ్నల్ దారిలో కెపాసిటర్ విలువ పెంచితే బేస్ మెరుగవుతుందనుకుంటారు గానీ, ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిసి అది కింద కొత్త గుబ్బ తెస్తుంది. పాత బోర్డుల్లో రాగి ప్యాడ్ సులువుగా లేచిపోతుంది. ఐరన్ 330, 350 డిగ్రీల మధ్య ఉంచి, ముందు కొంచెం కొత్త 60/40 సీసం (తగరం, సీసం కలిసిన సోల్డర్) కలిపి, మూడు సెకన్లకి మించకుండా పంప్‌తో లాగాలి. ఒకేసారి అన్నీ విప్పకండి. ఒక మాడ్యూల్ పూర్తిచేసి, విప్పని మాడ్యూల్ పక్కన పెట్టి కొలిచి, పోల్చి చూసి ముందుకెళ్లాలి. 600 ఓమ్స్ లోడ్ మీద, 1 కిలోహెర్ట్జ్ సైన్ ఇచ్చి, స్కోప్‌లో అల పైనా కిందా ఒకేసారి తెగేలా బయాస్ ప్రీసెట్ (ట్రాన్సిస్టర్ కరెంటు సర్దే చిన్న మర) తిప్పుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న 1073 తెగేముందు +26 డీబీయూ (సిగ్నల్ వోల్టేజీ కొలత), అంటే సుమారు 15.5 వోల్టులు ఇవ్వగలగాలి.

విడి భాగాలకి చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ మంచిదే, వైర్లు, హీట్‌ష్రింక్, ఫ్యూజులు, సీసం అన్నీ దొరుకుతాయి. ట్రాన్సిస్టర్లు మాత్రం అక్కడ కొనొద్దని నా గట్టి సలహా. 2ఎన్3055 నకిలీలు విపరీతం, లోపల చిన్న చిప్ పెట్టి పైన అదే నంబర్ కొట్టేస్తారు. ఎలిమెంట్14, మౌజర్ లాంటి పేరున్న పంపిణీదారుల దగ్గర ఆర్డర్ పెట్టండి. చిన్న ట్రాన్సిస్టర్లలో బీసీ184కి, చివర ఎల్ ఉన్న బీసీ184ఎల్‌కి కాళ్ల వరస వేరు, టెస్టర్ మీద చూసుకోకుండా బిగించొద్దు.

మైక్ ట్రాన్స్‌ఫార్మర్ బాగుందో లేదో చూడ్డానికి మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి తాకించడం చాలామందికి అలవాటు. మీటర్ పంపే డీసీ కోర్‌ని అయస్కాంతం చేస్తుంది, కింది స్వరాల్లో డిస్టార్షన్ పెరుగుతుంది. కండెన్సర్ మైక్‌కి కేబుల్ గుండా పంపే ఫాంటమ్ 48 వోల్టుల దగ్గరా ఇదే ప్రమాదం. 6.8 కిలోఓమ్స్ రెసిస్టర్ల జత తమలో తాము 0.4 శాతం లోపు సరిపోవాలి, లేకపోతే ఆ తేడా కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (మైక్ వైపు చుట్ట) లో పారుతుంది. ఒక శాతం రకం గుప్పెడు కొని మీటర్‌తో జతలు ఏరుకోవడం తేలిక.

చెన్నైలో అసలు శత్రువు గాలి. ఉప్పు తేమకి ఎడ్జ్ కనెక్టర్లు (మాడ్యూల్ ఫ్రేమ్‌కి తగిలే చోటు), స్విచ్ కాంటాక్టులు నల్లబడతాయి. ఛానెల్ ఉన్నట్టుండి సన్నగా వినిపించి, మాడ్యూల్ లాగి పెడితే మళ్లీ వస్తే అదే రోగం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు పోగులు రాలని గుడ్డతో తుడిచి, కాంటాక్టుల కోసమే చేసిన క్లీనర్ ఒక్క చుక్క వేయండి. డబ్ల్యూడీ-40 పొర వదిలి దుమ్ముని పట్టుకుంటుంది. పెన్నీ అండ్ గైల్స్ రకం ఫేడర్లలో (లెవెల్ జరిపే మీటలు) స్ప్రే కొట్టకండి, ప్లాస్టిక్ ట్రాక్ మీదున్న గ్రీజు కొట్టుకుపోతే గరగర శాశ్వతమవుతుంది. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. రాత్రి ఏసీ ఆపి కిటికీ తెరిచే అలవాటుంటే మానేయండి, చల్లబడ్డ లోహం మీద నీరు పడుతుంది. శుక్రవారం సాంబ్రాణి బయటి గదిలో వేసుకోండి, ఆ పొగ జిడ్డు తెరిచి ఉన్న కాంటాక్టుల మీదే చేరుతుంది.

బ్రిటిష్ ప్యాచ్‌బేలో (కేబుళ్లతో సిగ్నల్ దారి మార్చుకునే జాక్‌ల పలక) ఉండేవి పోస్టాఫీసు రకం 316 జాక్‌లు. మన దగ్గర దొరికే మామూలు పావు అంగుళం స్టీరియో ప్లగ్ కొన వాటికంటే లావు. ఒకసారి దూరిస్తే లోపలి స్ప్రింగ్ వంగిపోయి ఆ దారి తెగుతుంది. స్టూడియోలో గిటార్ వాయించేవాళ్లకి ఈ మాట ముందే చెప్పి ఉంచాలి.

హమ్ వస్తే స్పెక్ట్రమ్ చూడండి. 50 హెర్ట్జ్ అయితే ఎర్త్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి ఏర్పడే వలయం) గానీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరితనం గానీ. 100 హెర్ట్జ్ అయితే రెక్టిఫైయర్ రిపుల్, అంటే పవర్ సప్లై కెపాసిటర్లు. ఇది తెలియకే జనం వారాల తరబడి కేబుళ్లు మారుస్తుంటారు.

అడ్వాన్స్ పంపేముందు అమ్మేవాళ్ల దగ్గర ఇవి తెప్పించుకోండి: ఆ కన్సోల్ అసలు డ్రాయింగులు, ప్రతి మాడ్యూల్ లోపలి ఫొటో, వెనక తీగల ఫొటో. ఆర్డర్ మీద కట్టిన కన్సోల్‌కి డ్రాయింగ్ లేకపోతే బస్ (ఛానెళ్లన్నీ కలిసే లైన్) ఎక్కడికి పోతోందో కనుక్కోవడానికే నెల పడుతుంది. మాడ్యూల్ ఫొటోల్లో ట్రాన్స్‌ఫార్మర్ల మీద వాటి తయారీదారులైన మారినైర్, సెయింట్ ఐవ్స్ పేర్లు చదవగలగాలి, చాలాచోట్ల అసలువి తీసేసి కొత్తవి పెట్టి ఉంటారు. రవాణాలో మాడ్యూళ్లు ఫ్రేమ్‌లో ఉండకూడదు. విడిగా చుట్టి, సిలికా జెల్ వేసి, చెక్క పెట్టె మీద ఐఎస్‌పీఎం-15 ముద్ర (చెక్కకి పురుగులు లేకుండా శుద్ధి చేశారనే గుర్తు) ఉండేలా చూడమనండి, లేకపోతే సరుకు హార్బర్‌లోనే ఆగిపోతుంది. వాడిన సామాను దిగుమతి నియమాలు కస్టమ్స్ ఏజెంట్‌తో ముందే మాట్లాడుకోండి. డ్రాయింగులు లేవన్న జవాబు వస్తే ఆ కన్సోల్ ఎంత చవగ్గా వచ్చినా వదిలేసి, రెండు మాడ్యూళ్ల దారి పట్టండి.